నిండు ట్యాంకా, ఖాళీ ట్యాంకా? నెలల తరబడి నిలిపి ఉంచే మోటారు సైకిల్‌కు ఏది మేలు?

మోటారు సైకిల్‌ను మూడు నాలుగు నెలలకు మించి కదపకుండా ఉంచవలసి వచ్చినప్పుడు మొదట తేల్చుకోవలసింది ట్యాంకు సంగతి. పెట్రోలు నిండా పోసి ఉంచమని కొందరు, చుక్క లేకుండా తీసేయమని మరికొందరు చెబుతారు. రెండు సలహాలకూ తగిన కారణాలున్నాయి గాని అవి అన్ని బండ్లకూ ఒకేలా వర్తించవు. ఎవరూ సలహా ఇవ్వకపోయినా చాలామంది చేసే పని మాత్రం ట్యాంకులో ఉన్నంత పెట్రోలును ఉన్నట్టే వదిలేయడం. మూడింటిలోనూ అధ్వానమైనది అదే.

సగం ఖాళీగా ఉన్న ఇనుప ట్యాంకులో పెట్రోలుకు పైన ఉన్న జాగాను గాలి ఆక్రమిస్తుంది. పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి మూత రంధ్రం గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు తేమతో కూడిన కొత్త గాలి లోపలికి వస్తుంది. ఆ తేమ గోడలకు పట్టి తుప్పు మొదలవుతుంది, రాలిన తుప్పు ఫిల్టరుకు అడ్డుపడుతుంది. ఈలోగా పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు తగ్గిపోతాయి; మిగిలినది ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా జిగురుగా మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తేమను పీల్చే గుణం అదనం. నీటి పాలు హద్దు దాటితే ఇథనాలూ నీరూ ఒకటై పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు, అంటే ఇంజిన్‌కు పెట్రోలు వెళ్లే చోటికే, చేరతాయి.

నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కనుక ఈ రెండు చెడులూ నెమ్మదిస్తాయి. మూత దాకా పోయకుండా, పెట్రోలు వ్యాకోచించడానికి కొద్దిపాటి ఖాళీ వదలాలి. పెట్రోలు చెడకుండా కాపాడే స్టెబిలైజర్‌ను సీసాపై సూచించిన పాళ్లలో తాజా పెట్రోలులోనే కలపాలి, ఎందుకంటే ఇప్పటికే పాతబడిన పెట్రోలును అది బాగుచేయలేదు. కలిపిన తరువాత పది నిమిషాల పాటు ఇంజిన్ నడిపితేనే ఆ మిశ్రమం గొట్టాల్లోకీ, ఇంజిన్‌లోకి పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్‌లోకీ చేరుతుంది. ఇంజిన్ ఆయిల్‌ను కూడా అలా నడిపే ముందే మార్చుకుంటే కొత్త ఆయిల్ లోపలంతా పరుచుకుంటుంది. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలూ తేమా ఉంటాయి కనుక, బండిని మళ్లీ తీసేటప్పుడు మార్చుదామనుకోవడం కంటే నిలిపే ముందు మార్చడమే సరైనది.

ఖాళీ ట్యాంకుకు ఉన్న ప్రధాన బలం, చెడిపోవడానికి అందులో పెట్రోలే లేకపోవడం. ఇంటిని ఆనుకున్న గదిలో బండి పెట్టేవారికి అగ్ని ప్రమాదం తగ్గడం కూడా చిన్న విషయం కాదు. అయితే పెట్రోలు పొర తొలగిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక లోపలంతా పలుచగా నూనె పట్టించాలి, మళ్లీ వాడే ముందు దానిని కడగాలి. ప్లాస్టిక్ ట్యాంకుకు ఈ బాధ లేదు. ఇంజెక్టర్ ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. ఖాళీ చేస్తే పంపులో మిగిలిన తడి ఎండి జిగురు కడుతుంది, రబ్బరు భాగాలు ఎండిపోతాయి.

కాబట్టి ఇంజెక్షన్ బండికి ఏడాది లోపు విరామమైతే స్టెబిలైజర్ కలిపిన నిండు ట్యాంకే నా ఎంపిక. ఇంజెక్టర్‌కు బదులు పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న పాత తరహా బండికి జవాబు రెండు పద్ధతులనూ కలిపినది: ట్యాంకు నిండుగా, కార్బురేటర్ ఖాళీగా ఉండాలి. పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి దాని గిన్నెలో నిలిచిన పెట్రోలును తీసేయాలి. అక్కడ ఉండే కొద్దిపాటి పెట్రోలు ముందుగా ఎండి, పెట్రోలు వెళ్లే, సూది మొన అంత సన్నని జెట్ రంధ్రాలను మూసేస్తుంది. విరామం ఏడాది దాటేటట్లయితే ఇనుప ట్యాంకును ఖాళీ చేసి నూనె పట్టించే శ్రమకు అర్థముంది.

వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపితే చాలుననే నమ్మకం బలంగా ఉంది. అది బండికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ ఆవిరి సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ నీరై నిలుస్తుంది. స్టార్టర్ బ్యాటరీ నుంచి తీసుకున్న కరెంటును, బండి కదలకుండా మెల్లగా తిరిగే ఇంజిన్ తిరిగి ఇవ్వడం కూడా అనుమానమే. అరగంట సేపు రోడ్డు మీద నడపగలిగితే నడపాలి, లేకపోతే ముట్టుకోకపోవడమే మంచిది.

బ్యాటరీ విషయంలో, దగ్గర ప్లగ్గు ఉంటే ఛార్జ్ నిండగానే తనంతట తాను తగ్గించుకునే మెయింటెయినర్ అనే ఛార్జర్ అన్నింటికంటే మేలైనది. నిరంతరం ఒకే ధారగా ఎక్కించే పాత రకం ఛార్జర్ ఆ పనికి తగదు. ప్లగ్గు లేనిచోట బ్యాటరీని విప్పి నెలకోసారి ఛార్జ్ చేయాలి; లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.4 వోల్టుల కంటే దిగి ఎక్కువ కాలం ఉంటే పలకలపై సల్ఫేటు గట్టిపడి శక్తి తగ్గుతుంది. లిథియం బ్యాటరీకి దానికి సరిపడే ఛార్జర్‌నే వాడాలి.

టైర్లకు కంపెనీ సూచించిన గాలి నింపి, వీలైతే సెంటర్ స్టాండ్ వేయాలి. తేమను లోపలే బంధించే ప్లాస్టిక్ పట్టా కంటే గాలి ఆడే గుడ్డ కవరే నయం. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతిని గుడ్డతో మూసేవారు, తీయడం మరచిపోకుండా అదే గుడ్డ ముక్క ఒకటి హ్యాండిల్‌కు కట్టాలి.