120 రూపాయల రిపోర్టుల ఫైలు: మూడేళ్ళు వాడాక

2022 చివర్లో కరీంనగర్‌లో ఒక స్టేషనరీ షాపులో కొన్నాను. నీలం అట్ట, లోపల 40 ప్లాస్టిక్ కవర్లు. దగ్గు తగ్గడం లేదని మా బాపుకి ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది, సీటీ తీస్తే 9 మిల్లీమీటర్ల చిన్న గడ్డ అన్నారు. ఇంట్లో ఎవరం పైకి అనలేదు కానీ ముప్ఫై ఏళ్ళు బీడీలు తాగిన మనిషి, అందరికీ వచ్చిన ఆలోచన ఒకటే. రిపోర్టులన్నీ మెడికల్ షాపు కవర్లో కుక్కుకొని హైదరాబాద్ వెళ్ళాం. డాక్టరు ముందు అవి గుమ్మరించి వెతకడానికే నాలుగు నిమిషాలు పోయాయి, మాకు దక్కిందే పది నిమిషాలు. తిరిగొచ్చిన మర్నాడే ఈ ఫైలు కొన్నా.

మొదట్లో కాగితాలు తేదీల వరసలో పెట్టాను. అది తప్పు. డాక్టరు అడిగేది "పోయిన నాలుగుసార్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుంది" అని, అంటే రక్తపరీక్షలన్నీ ఒకచోట, స్కాన్ రిపోర్టులు ఒకచోట, మందుల చీటీలు ఒకచోట, బిల్లులు అన్నిటికన్నా చివర ఉండాలి. ముందు కవర్లో మాత్రం చేత్తో రాసిన కాగితం ఒకటి: వయసు, బ్లడ్ గ్రూప్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎంత, బీపీ బిళ్ళ ఏది, పడని మందు ఏది. ఫైలు తెరిచిన ప్రతి డాక్టరూ ముందు అదే చదివారు. స్కాన్‌లో స్పష్టంగా కనపడ్డానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో సీటీ అన్నప్పుడు కౌంటర్లో క్రియాటినిన్ రిపోర్టు అడిగారు, పది రోజుల కిందటిది చటుక్కున తీసి ఇచ్చాను, లేకపోతే ఆ రోజంతా ల్యాబు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

లోపాలు లేకపోలేదు. ఈసీజీ కాగితం ఇందులో పెట్టకండి. అది వేడితో అచ్చు పడే థర్మల్ కాగితం, కొన్ని రకాల ప్లాస్టిక్ తగిలితే గీతలు త్వరగా వెలిసిపోతాయి. బాపుది ఏడాదికే తెల్లబడింది. తీసిన రోజే జిరాక్సు తీయించుకుని జిరాక్సునే ఫైల్లో పెట్టండి. సీటీ ఫిల్ములు ఇందులో పట్టవు, వాటికి వేరే పెద్ద కవరు మోయాల్సిందే. సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను. మూడు నెలల తర్వాత మళ్ళీ స్కాన్‌కి వెళ్ళినప్పుడు ఫైలు తెచ్చాను గానీ పాత ఫిల్మూ సీడీ ఉన్న కవరు ఇంట్లో బీరువా మీదే ఉండిపోయింది. పాతది లేకుండా గడ్డ పెరిగిందో లేదో ఎలా చెప్పాలి అని ఇంకో తేదీ ఇచ్చారు. నూట అరవై కిలోమీటర్లు వెనక్కి బస్సులో బాపు ఒక్క మాట అనలేదు, సిద్దిపేట దగ్గర మాత్రం "చాయ్ తాగుదామా" అన్నాడు. ఆ ఐదు రోజుల టెన్షన్‌కి ఎవర్నీ తిట్టడానికి లేదు, నన్ను తప్ప.

ఫోన్లో ఆభా నంబర్ కూడా తీసుకున్నాం, ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే 14 అంకెలది. కానీ పాత కాగితాలు వాటంతట అవే అందులోకి వచ్చి చేరవు కాబట్టి ఫైలు మోయడం తప్పలేదు.

గడ్డ ప్రమాదకరమైనదేమో చూడ్డానికి తీసే పెట్ సీటీ స్కాన్ రోజు సంగతి వేరు. ఆరు గంటలు ఏమీ తినకుండా వచ్చిన మనిషికి ఇంజెక్షన్ ఇచ్చి, గంటసేపు కదలకుండా మాట్లాడకుండా ఒక గదిలో పడుకోబెట్టారు. మనల్ని లోపలికి రానివ్వరు. బయట కుర్చీలో కూర్చుని అట్ట మీద ధర స్టిక్కర్‌ని గోటితో గీకుతూ ఉన్నాను, లోపలి నుంచి పిలిచేసరికి సగం ఊడింది. మిగతా సగం ఇంకా అట్లాగే ఉంది. ఆ స్కాన్‌లో భయపడాల్సినంత ఏమీ కనిపించలేదు, చూస్తూ ఉందామన్నారు. ఆర్నెల్లకి ఒకటి, తర్వాత ఏడాదికి ఒకటి తీశారు, అన్నిట్లోనూ అదే 9 మిల్లీమీటర్లు.

ఇప్పుడు మూడు కవర్లు అంచుల దగ్గర చిరిగాయి, అట్ట మడత తెల్లబడింది. అయినా మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, 60 కవర్లది దొరికితే ఇంకా మంచిది. పోయిన నెల కౌంటర్లో రిపోర్టు కోసం తిప్పుతుంటే చివరి కవర్లోంచి బాపు పట్టాదారు పాసుబుక్కు జిరాక్సు, కరెంటు బిల్లు బయటపడ్డాయి. "గీ ఫైలైతే నువ్వు ఏడ పోగొట్టవు గద, అందుకే పెట్టిన" అన్నాడు. తీయకుండా అక్కడే ఉంచాను.