సెకండ్ హ్యాండ్ ఆడి టీటీనా, ఫోర్డ్ మస్టాంగా? బెంగళూరులో ఏది మేలు?

ఈ రెండు స్పోర్ట్స్ కార్లూ కొత్తగా ఉన్నప్పుడు షోరూమ్ ధరే అరవై లక్షలు దాటిన బళ్లు. మూడో తరం టీటీ మన దేశానికి 2015లో వచ్చింది, మస్టాంగ్ జీటీ 2016లో. ఇప్పుడు బాగా తగ్గిన ధరకు కనిపిస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ బండి ధర పడిపోయినంత మాత్రాన దాని స్పేర్ల ధర పడదు. అందుకే కొనే ఖర్చును పక్కనపెట్టి, కొన్నాక నిలబెట్టుకునే ఖర్చుతోనే ఈ రెండింటినీ తూచాలంటాను.

టీటీలో ముందు చూడాల్సింది కూలంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. దాని 2.0 లీటర్ల టర్బో ఇంజిన్‌కు వాటర్ పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ వంగి, సీలు దగ్గర కారడం మొదలవుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కునే బండికి ఆ వేడి ఇంకా ఎక్కువ. డబ్బా కింద గులాబీ రంగు చారలు కనిపిస్తే, కూలంట్ మాటిమాటికీ తగ్గుతుంటే అదే జబ్బు. బయటి గ్యారేజీలో స్పేరు, లేబర్ కలిపి ముప్ఫై నలభై వేలు అనుకోవచ్చు. పట్టించుకోకుండా నడిపితే ఇంజిన్ పై భాగాన్ని బిగించే హెడ్ గ్యాస్కెట్ సీలు దాకా పోతుంది, అప్పుడు లెక్క లక్షల్లోకి వెళ్తుంది.

తర్వాత గేర్‌బాక్స్. ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ ఇది, అంటే రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్. క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి ఆ ఆయిల్, ఫిల్టర్ 60,000 కిలోమీటర్లకోసారి మార్చి తీరాలి. పాత ఓనరు మార్చాడని నోటిమాటగా చెబితే నమ్మకండి, బిల్లు అడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, రివర్స్‌లోనూ, ఎత్తు మీదా మెల్లగా కదిలించి చూడండి. వణుకు ఉంటే క్లచ్ అరిగిందో, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతోందో అన్నమాట. యూనిట్ మార్చాల్సివస్తే లక్షన్నరకు తక్కువ కాదు. వెనక చక్రాలకు బలం పంపే హాల్‌డెక్స్ పంపు జాలీ మురికితో మూసుకుపోవడం కూడా మామూలే. అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. వానలో నంది హిల్స్ మలుపు ఎక్కేదాకా తెలియకపోవచ్చు.

ఇన్ని జబ్బులున్నా నేను టీటీ వైపే ఎందుకు మొగ్గుతానంటే, ఇదే ఇంజిన్ కుటుంబం, ఇదే రకం గేర్‌బాక్స్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లోనూ ఉన్నాయి. అంటే ఈ పని తెలిసిన చేతులు బెంగళూరులో ఉన్నాయి, మామూలు స్పేర్లకు దారీ ఉంది. బాడీ భాగాలు, డాష్‌బోర్డులోని పెద్ద తెర మాత్రం టీటీవే, అవి పోతే గట్టిగా తగులుతుంది.

మస్టాంగ్ ఇంజిన్ నిజానికి గట్టి మనిషి. టర్బో లేని 5.0 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8. పెట్రోలు గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ పోర్టులోకే చిమ్ముతుంది కనుక వాల్వుల మీద మసి పేరుకోదు. క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా బలం పంపే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ కాబట్టి ట్రాఫిక్‌ను ఓర్చుకుంటుంది. ఆయిల్ ఒక్కసారికి ఏడున్నర లీటర్లకు పైగా పడుతుంది. 19 అంగుళాల టైర్లు ముందూ వెనకా వేర్వేరు వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోలేరు. నాలుగూ కలిపి లక్ష దాటుతాయి. ఊరిలో లీటరుకు ఐదు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు ఉన్నా, మస్టాంగ్ పూర్తిగా తయారై దిగుమతైన బండి. స్పీడ్ బ్రేకర్‌కు బంపర్ పగిలినా, హెడ్‌ల్యాంప్ పోయినా సరుకు సముద్రం దాటి రావాలి. వారాల తరబడి బండి గ్యారేజీలోనే. ఆఫీసుకు వెళ్లడానికి ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లు మాత్రమే దీన్ని కొనాలని నా గట్టి అభిప్రాయం.

వీటికి బదులు నిస్సాన్ 370జెడ్ అనే స్పోర్ట్స్ కారు దొరికిందని కొందరు అడుగుతుంటారు. పాత వాటిలో ఆయిల్ గ్యాలరీ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ లోపల ఆయిల్ పారే దారికి ఉండే సీలు, చిరిగిపోతుంది. గ్యాస్కెట్ చవకే, దాన్ని చేరాలంటే టైమింగ్ కవర్ అంతా విప్పాలి. వద్దు.

రెండు టీటీలు ఎదురుగా ఉంటే, రెండు లక్షలు ఎక్కువైనా గేర్‌బాక్స్ బిల్లులున్నదే తీసుకోండి. ఏ బండైనా, 2022 సెప్టెంబరు వరదల్లో బెళ్లందూరు వైపు నీళ్లలో నిలబడిందేమో చూసుకోవాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద మరక కనిపిస్తుంది, సీటు పట్టాల కింద తుప్పు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తెస్తున్నారా? 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ తప్పదు, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇలాంటి బళ్లకు అది లక్షల్లో ఉంటుంది. బేరం ఆడేముందే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత ఆర్‌టీఓ ఇచ్చే పత్రం), ఆ పన్ను లెక్క ఆర్‌టీఓలో కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి.