కొత్త బైక్ క్యారియర్‌కు గిరాకీ ఎంత, ధర ఎంత: అడిగి తెలుసుకోవడమా, అడ్వాన్స్ తీసుకోవడమా?

విజయవాడ ఆటోనగర్‌లో పైపు వంచడం, వెల్డింగ్ బాగా వచ్చిన ఒక కుర్రాడు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 బైక్‌కు వెనక సామాను కట్టుకునే క్యారియర్ తయారు చేశాడనుకుందాం. నమూనా బాగుంది, స్నేహితులు మెచ్చుకున్నారు. ఇక జిగ్ (ప్రతి పీసూ ఒకే కొలతలో వచ్చేలా ముక్కల్ని పట్టి ఉంచే చట్రం) చేయించి, వంద పీసులకు పైపు కొని, పౌడర్ కోటింగ్‌కు పంపాలి. అక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. వంద అమ్ముడవుతాయా, ఎంతకు అమ్మాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు డబ్బు పెట్టకముందే కావాలి. దారులు ముఖ్యంగా మూడున్నాయి: యాక్సెసరీల కొట్లలో పెట్టి చూడడం, రైడర్లను అడగడం, ముందే అడ్వాన్స్ తీసుకోవడం.

కొట్టు దారి అందరికీ తెలిసిందే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ ఊళ్లోనో కొట్టాయన ‘పది పెట్టి వెళ్లు, అమ్ముడయ్యాక డబ్బులిస్తా’ అంటాడు. ఏ మోడల్ బళ్లు ఎక్కువగా వస్తున్నాయి, జనం ఏది అడిగి లేదనిపించుకుని వెళ్తున్నారు అన్నది ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది తప్పకుండా అడిగి తెలుసుకోండి. కానీ గిరాకీ కొలవడానికి ఈ దారి పనికిరాదు. ఎక్కువ మార్జిన్ ఇచ్చే సరుకు ముందు వేలాడుతుంది, మీది అటక ఎక్కుతుంది. మూడు నెలల తర్వాత అమ్ముడవలేదంటే తప్పు వస్తువుదో, ధరదో, అటకదో తెలియదు.

రెండోది అడగడం. ‘ఇలాంటి క్యారియర్ వస్తే కొంటారా?’ అని గ్రూపులో పెడితే బొటనవేళ్లు బోలెడు వస్తాయి. వాటిని ఆర్డర్లుగా లెక్కేయకండి. బాగుందనడానికి పైసా ఖర్చు కాదు. ధర గురించి అడగడానికి మాత్రం మంచి పద్ధతులున్నాయి. 1976లో డచ్ ఆర్థికవేత్త వాన్ వెస్టెన్‌డార్ప్ నాలుగు ప్రశ్నలు చెప్పాడు: ఎంతయితే మరీ ఎక్కువని వదిలేస్తారు? ఎంతయితే ఎక్కువే అయినా ఆలోచిస్తారు? ఎంతయితే చవగ్గా వచ్చిందనుకుంటారు? ఎంతకిస్తే నాసిరకమేమోనని అనుమానిస్తారు?

మన సరుకుకు ఈ నాలుగో ప్రశ్న చాలా విలువైనది. క్యారియర్ మీద సామాను కట్టుకుని హైవే ఎక్కేవాడికి మొదటి భయం వెల్డింగ్ ఊడుతుందేమోనని. పోటీవాడికన్నా మూడొందలు తగ్గిస్తే ఎగబడి కొంటారనుకుంటాం గానీ, ఆ తగ్గింపే అనుమానానికి కారణమవుతుంది. ఈ నాలుగు ప్రశ్నలతో ధరకు కింది హద్దు, పై హద్దు తెలుస్తాయి. ఎన్ని అమ్ముడవుతాయో మాత్రం తెలియదు.

గేబర్, గ్రేంజర్ పద్ధతి ఇంకొకటి ఉంది. ఈ గ్రేంజర్ 2003లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లైవ్ గ్రేంజరే. ఇందులో ఒక ధర చెప్పి కొంటారా అని అడుగుతారు, జవాబును బట్టి ధర మార్చి మళ్లీ అడుగుతారు. బేరమాడే అలవాటున్న మన దగ్గర దీన్ని కాస్త మార్చుకోవాలి. ఒకసారి తగ్గిస్తే ఇంకా తగ్గుతుందని ఆగుతారు. అందుకే ఒక్కొక్కరికి ఒకే ధర చెప్పండి, సగంమందికి 2,200, మిగతా సగానికి 2,700. జవాబులు వేర్వేరుగా లెక్కపెట్టండి.

ఊహకు అంకెలు వేసి చూద్దాం. పన్ను కాకుండా తయారీ ఖర్చు 1,300. 2,200 ధరకు నూటికి 40 మంది, 2,700కు 28 మంది కొన్నారనుకోండి. పైకి తక్కువ ధరే గెలిచినట్టుంటుంది. కానీ 18 శాతం జీఎస్టీ తీసేస్తే 2,200లో చేతికొచ్చేది సుమారు 1,864, పీసుకు మిగిలేది 564, మొత్తం 22,560. 2,700లో చేతికి 2,288, పీసుకు మిగులు 988, మొత్తం 27,664. పన్నెండు పీసులు తక్కువ వెల్డింగ్ చేసి అయిదు వేలు ఎక్కువ మిగిలింది. ‘ఖర్చు మీద ముప్ఫై శాతం వేసుకుందాం’ అనే ఆటోనగర్ లెక్కలో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

పార్సిల్ ఖర్చు కూడా ముందే కలపాలి. కొరియర్లు అసలు బరువు, పెట్టె కొలతతో లెక్కేసిన బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి, కొలత బరువుకు సాధారణంగా సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తారు. 45×35×20 పెట్టెలో మూడు కిలోల క్యారియర్ పంపితే 6.3 కిలోలకు కట్టాలి. రెండు ముక్కలుగా విప్పి సర్దేలా డిజైన్ చేస్తే ఇక్కడే డబ్బు మిగులుతుంది. ఇంకో మాట: విజయవాడ నుంచి హైదరాబాద్‌కు అమ్మినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక అడ్వాన్స్. నా ఓటు దీనికే. నమూనాను బండికి బిగించి, సామాను కట్టి, బోల్టులు దగ్గరగా కనిపించేలా వీడియో తీయండి. పూర్తి ధర, డెలివరీ తేదీ రాసి, అయిదొందలు కట్టి బుక్ చేసుకోమనండి. ‘నలభై బుకింగులు రాకపోతే పదిహేనో రోజున మొత్తం వెనక్కి’ అని ముందే చెప్పండి. ఫోన్‌పే చేయడానికి అర నిమిషం పట్టదు, అయినా వంద బొటనవేళ్లలో ఎన్ని ఇక్కడిదాకా వస్తాయో చూస్తే అసలు గిరాకీ తెలుస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లను ఈ లెక్కలో కలపొద్దు. తలుపు దగ్గర వద్దన్న పార్సిల్‌కు రానూపోనూ ఖర్చు మీదే.

అడ్వాన్స్‌కూ ఒక పరిమితి ఉంది. మీ పేరు తెలియనివాళ్లు నచ్చినా కట్టరు. అందుకే బుకింగులు తక్కువ రాగానే వస్తువు పనికిరాదని తీర్మానించకండి, కట్టనివాళ్లలో కొందరికి ఫోన్ చేసి ఎందుకు ఆగారో కనుక్కోండి. ‘ధర ఎక్కువ’ అంటే ఒక సంగతి, ‘టాప్ బాక్సు (క్యారియర్ మీద బిగించే సామాను పెట్టె) పడుతుందా’ అంటే పూర్తిగా ఇంకో సంగతి. కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 2020లో చేసిన సవరణ ప్రకారం బాక్సు 550 మి.మీ. పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదు, వెనక మనిషి కూర్చునే చోట పెడితే నడిపేవాడు ఒక్కడే ఎక్కాలి. ఇలాంటి ప్రశ్నలే ఎక్కువగా వస్తే ధర జోలికి వెళ్లకుండా, బాక్సు సీటుకు వెనకవైపు వచ్చేలా క్యారియర్ ప్లేటు జరిపి, మళ్లీ బుకింగ్ తెరవండి.

క్రాష్ గార్డులాగా మెకానిక్కే బిగించాల్సిన వస్తువైతే మాత్రం కొట్టు దారినే మొదలుపెట్టమంటాను. అప్పుడు కూడా సరుకు అరువుకు వదలకుండా, రెండు మూడు పీసులైనా నగదుకు కొనే కొట్టాయన్నే వెతకండి.