చెరువు గట్టు మీద ఐదేళ్లు పనిచేసిన ట్యాబ్: ఇప్పుడు లక్ష రూపాయల మోడల్‌కి వెళ్లాలా?

ముందే చెప్పేస్తాను. నా ట్యాబ్ పాతబడింది, మార్చక తప్పదు. కానీ లక్ష దగ్గరున్న మోడల్ జోలికి వెళ్లడం లేదు. ఎందుకో అర్థం కావాలంటే ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నేను ఆక్వా టెక్నీషియన్ని. నరసాపురం, మొగల్తూరు వైపు కొన్ని చెరువులు చూస్తాను. పంటు మీద గోదారి దాటితే సఖినేటిపల్లి, మలికిపురం వైపు మరికొన్ని. అన్నీ వనామీ రొయ్యల చెరువులే. వెళ్లగానే నీళ్లు పరీక్ష చేయాలి, చెక్‌ట్రే (మేత వేసి నీళ్లలో దించే పళ్లెం) ఎత్తి మేత మిగిలిందో లేదో చూడాలి, వల విసిరి సగటు బరువు తీయాలి. డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పు శాతం, అమ్మోనియా, నిన్న పడిన మేత, వేసిన మందు, అన్నీ ఆ చెరువు పేరు మీద రాసి పెట్టుకోవాలి. రైతు కూడా పుస్తకంలో రాస్తాడు గానీ, వైట్‌గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) మొదలైందని ఫోన్ వచ్చిన రోజున ఆ పుస్తకం ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉంటుంది. నా దగ్గరున్న లెక్కే దిక్కు.

2020లో శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ మన దగ్గరికి వచ్చినప్పుడు వైఫై మోడల్ 27,999 రూపాయలు. అదే తీసుకున్నాను. 10.4 అంగుళాల తెర, 4జీబీ ర్యామ్, 64జీబీ స్టోరేజీ, మెమరీ కార్డుకి చోటు. పెన్ను డబ్బాలోనే ఇచ్చారు. ఆ పెన్నుకి బ్యాటరీ లేదు, చార్జింగ్ అక్కర్లేదు. నేను దీన్ని కొన్నది అందుకే. ఐదేళ్ల తర్వాత కూడా దీంట్లో నాకు ఎక్కువ నచ్చింది అదే.

పెన్ను గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు. మన వేలిని గుర్తుపట్టే పొర వేరు, ఈ పెన్నుని గుర్తుపట్టే పొర వేరు. పెన్నులో చిన్న తీగచుట్ట ఉంటుంది, తెర కిందున్న పలక నుంచి దానికి కరెంటు అందుతుంది. దానివల్ల మాకు కలిసొచ్చేదేంటంటే, తెర మీద నీటి చుక్కలు పడితే వేలి స్పర్శ పిచ్చెక్కినట్టు గెంతుతుంది, నొక్కనిదల్లా తెరుచుకుంటుంది. పెన్ను మాత్రం ఆ చుక్కల మీద నుంచే రాసుకుంటూ పోతుంది. చెక్‌ట్రే ఎత్తిన తడి చేత్తోనే పట్టుకుని రాయొచ్చు. సన్న జల్లులోనూ రాశాను. ముల్లు అరిగితే కొత్తది గుచ్చుకోవడమే. ఫోన్‌లో టైపు చేసేవాళ్లకి ఈ సుఖం తెలీదు.

శాంసంగ్ నోట్స్‌లో ఒక్కో చెరువుకి ఒక్కో ఫైలు. నెలవారీ గడుల షీటు ఒకటి పీడీఎఫ్‌గా చేసుకుని దాని మీదే అంకెలు వేస్తాను. రైతు మాట్లాడుతుంటే రికార్డింగ్ పెట్టి రాస్తాను. తర్వాత ఏ గీత దగ్గర నొక్కితే అక్కడి మాట వినిపిస్తుంది. "ఆయ్, నిన్న సాయంత్రం నుంచీ గట్టెమ్మటే తిరుగుతున్నాయండి" అన్నది ఏ చెరువు గురించో మర్చిపోయే ప్రమాదం లేదు.

ఇక పాతబడిన సంగతులు. ఇందులో కంపెనీని అనేదేమీ లేదు. వయసు, ఎండ, ఉప్పుగాలి కలిసి చేసిన పని.

బ్యాటరీ 7040 ఎంఏహెచ్. కొత్తలో ఉదయం బయల్దేరితే రాత్రి ఇంటికొచ్చాకే చార్జరు గుర్తొచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకే ఎర్రగీత. లిథియం బ్యాటరీకి వేడి పడదు. రోహిణీ కార్తెలో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే ఇంకేం మిగులుతుంది! చార్జింగ్ పోర్టు మరో తలనొప్పి. తేమ ఉందని నీటి బొట్టు గుర్తు చూపించి చార్జింగ్ ఎక్కించుకోదు. ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దులిపి పెడితే దారికొస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఫ్యాన్ రెక్కే తుప్పు పడుతుంది, పోర్టులో పిన్నులు ఏ లెక్క.

స్పీడు సంగతి. 4జీబీ ర్యామ్ 2020కి సరిపోయింది. ఇప్పుడు నోట్స్ నుంచి వాట్సాప్‌కి వెళ్లి వెనక్కొస్తే నోట్స్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. పెద్ద పీడీఎఫ్‌లో పేజీ తిప్పితే కాసేపు తెల్లగా ఉండిపోతుంది. రాయడంలో మాత్రం ఆలస్యం పెద్దగా తెలీదు. కెమెరా 8 మెగాపిక్సెల్, ఫ్లాష్ లేదు. తెల్లవారుజామున రొయ్య పేగు ఫోటో తీయాలంటే మొదటి నుంచీ ఫోనే. సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ 10తో వచ్చి 13 దగ్గర ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లూ రావడం లేదు. బ్యాంకు యాప్‌లు దీంట్లోంచి తీసేశాను. చెరువు లెక్కలకి ఆ భయం లేదు.

అసలు టెన్షన్ మొంథా తుపానుతో వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి అది మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లకి జనరేటర్లే ఆధారం. వానకి ఉప్పు శాతం పడిపోతుంది, పీహెచ్ కదులుతుంది, మబ్బు వల్ల ప్లాంక్టన్ (నీళ్లలోని సన్నటి నాచు) సరిగా ఆక్సిజన్ ఇవ్వదు. తెల్లవారేసరికి డీఓ మరీ పడిపోతే రొయ్య నీటి పైకి తేలుతుంది. అలాంటప్పుడు ఏ చెరువులో ఎంత సరుకుందో, ఎవరు మేత ఆపాలో, ఎవరు ఎంత సున్నం వేయాలో పాత లెక్కలు చూసే చెప్పాలి. లెక్కలన్నీ ట్యాబ్‌లోనే ఉన్నాయి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి, అంతవరకూ బాగానే ఉంది. చార్జింగే లేదు. జనరేటర్ షెడ్డులో ఫోన్లతో పాటు దీన్నీ గుచ్చి పెట్టి, ముఖ్యమైన అంకెలు కాగితం మీదికి ఎక్కించుకున్నాను. ఆ వారమే మార్చేయాలని నిర్ణయించుకున్నాను.

మార్చాలనుకున్నాక మనసు పైకే పోతుంది. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది దగ్గర ట్యాబ్ ఎస్9 ఉంది. పండక్కొచ్చినప్పుడు "తీసుకెళ్లి చూడండి బావగారూ" అని ఇచ్చాడు. 11 అంగుళాల అమోలెడ్ తెర, 120 హెర్ట్జ్, స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2. 2023లో వచ్చినప్పుడు 72,999. ఇంట్లో చూస్తే మతిపోయింది. పేజీ తిప్పితే వేలితోపాటే కదులుతుంది. ఎండలో కూడా నా పాతదాని కంటే తెర బాగా కనిపిస్తుంది, ఇది మాత్రం ఒప్పుకోవాలి. మధ్యాహ్నం గట్టు మీద పాతదాన్ని చొక్కా నీడలో పెట్టుకుని చదవాల్సి వచ్చేది. అయితే ఎండలో కాసేపు ఉంచితే ఖరీదైనదైనా వేడెక్కి వెలుగు తగ్గించుకుంటుంది. దానికీ గొడుగు కావాలి.

కానీ చెరువుల దగ్గర జరిగింది వేరు. దాన్ని కారులోంచి బయటికి తీయబుద్ధి కాలేదు. గట్టు జారుడుగా ఉంది, తర్వాత తీద్దాం. చేతికి మేత జిడ్డుంది, కడుక్కున్నాక తీద్దాం. పడవ ఊగుతోంది, వద్దులే. సాయంత్రానికి చూస్తే సగం చెరువుల అంకెలు మేత బస్తా చీటీల వెనక రాసున్నాయి. ఇంటికెళ్లి కూర్చుని ఎక్కించుకున్నాను. పరాయి వస్తువు కాబట్టి అనుకోవచ్చు. నా డబ్బు పెట్టి కొన్నా అంతేనని నాకు తెలుసు. ఇంకా జాగ్రత్త ఎక్కువవుతుంది. పాతదాన్ని మాత్రం తడి గట్టు మీద పెట్టి, వల లాగి, మళ్లీ తీసుకుంటాను. దాని అంచు మీద గీతలున్నాయి, వెనక మూలన సొట్ట ఉంది, ఎవరికీ బాధ లేదు.

"ఎస్9కి ఐపీ68 ఉంది కదా, నీళ్లలో పడినా ఏం కాదు" అంటారు. ఉంది, పెన్నుకి కూడా ఉంది. కానీ ఆ పరీక్ష మంచినీళ్లలో, మీటరున్నర లోతులో, అరగంట. సముద్రం దగ్గర, ఈతకొలను దగ్గర వాడొద్దని కంపెనీయే చెప్తుంది. మా చెరువు నీళ్లు ఉప్పునీళ్లు. పడితే వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి, తర్వాత మన అదృష్టం. మామూలు వారంటీలో నీటి వల్ల వచ్చిన డ్యామేజీ లెక్కలోకి రాదు. అయినా ఏ రక్షణా లేని ఎస్6 లైట్ కంటే ఇది నయమే. జల్లు, చెమట, చిందిన నీళ్లు దీన్ని ఏమీ చేయవు.

ఐప్యాడ్ ప్రో కూడా చూశాను. 2024లో ఎం4తో వచ్చిన 11 అంగుళాలది 99,900, పెన్సిల్ ప్రో వేరుగా మరో 11,900. మొత్తం 1,11,800. బొమ్మలు వేసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు దానికి ఆ డబ్బు ఇవ్వడంలో అర్థముంది, తెర నిజంగా అంత బాగుంటుంది. కానీ ఐప్యాడ్‌లలో దేనికీ నీటి రక్షణ రేటింగ్ లేదు, మెమరీ కార్డుకి చోటు లేదు, పెన్సిల్‌కి చార్జింగ్ కావాలి. చెరువు పనికి ఈ మూడూ మైనస్సే.

ఇక డబ్బు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక ఇక్కడ రొయ్యల కొనుగోళ్లు ఎలా వణికాయో అందరికీ తెలుసు. రైతు పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) వాయిదా వేసుకుంటే నా ఫీజూ వాయిదానే. మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "లక్ష పెట్టి అంకె రాసుకునేది కొంటారా, అంకె చెప్పేది కొంటారా?" నా డీఓ మీటరు ప్రోబ్ కూడా చివరి దశలో ఉందని ఆవిడకి తెలుసు. రాత్రి రెండింటికి పక్క రైతు మీటరు అరువడిగే పరిస్థితి ట్యాబ్ కంటే ఘోరం. జవాబు చెప్పకుండా కాఫీ తాగాను.

కాబట్టి నా ఎంపిక మధ్య మెట్టు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ట్యాబ్ ఎస్10 ఎఫ్‌ఈ, అప్పటి ధర 42,999. 10.9 అంగుళాల ఎల్‌సీడీ తెర, 90 హెర్ట్జ్, 8జీబీ ర్యామ్, 128జీబీ, కార్డుకి చోటు, 8000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఐపీ68, డబ్బాలో బ్యాటరీ లేని పెన్ను. అమోలెడ్ లేదు, ఎస్9 అంత ప్రాసెసర్ లేదు. అంకెలు రాసి పీడీఎఫ్ తిప్పే నా పనికి ఆ తేడా ఖరీదు దాదాపు 30 వేలు అవుతుంది. అంత ఇవ్వను. ఎస్9లో నేను వదులుకుంటూ బాధపడేది ఒక్క ఎండలో కనపడే తెర గురించే. ఈ ఎల్‌సీడీ దానంత ఉండదు, మధ్యాహ్నం చొక్కా నీడ తప్పదు. అది భరిస్తాను.

బడ్జెట్ ఇంకా తక్కువైతే సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఎస్6 లైట్ అనే పేరుతోనే 2022లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి. లోపలి చిప్ వేరు, అప్‌డేట్ల గడువు వేరు. పైకి మాత్రం అచ్చం ఒకేలా ఉంటాయి. సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు చూడకుండా డబ్బివ్వకండి. పోర్టులో టార్చ్ వేసి పచ్చగా తుప్పుందేమో కూడా చూడండి. మన గోదారి జిల్లాల్లో వాడిన ట్యాబ్ అయితే ఇది తప్పనిసరి.

ఒకవేళ మీరు గట్టు మీదికి వెళ్లరు, భీమవరంలో ఆఫీసులోనో పాలకొల్లులో ట్యూషన్‌లోనో కూర్చుని వాడతారనుకోండి, అప్పుడు నా లెక్క మీకు వర్తించదు. రోజంతా తెర చూసేవాళ్లకి మంచి తెర మీద పెట్టే డబ్బు వృథా కాదు. ఎస్9 మీద మంచి ఆఫర్ దొరికితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

నేను మాత్రం ఈ పంట పట్టుబడి అయ్యి, మీటరు ప్రోబ్ మార్చాకే ఎఫ్‌ఈ తీసుకుంటాను. దాంతోపాటు మూలలు దళసరిగా ఉండే కేసు, మెడకి వేసుకునే పట్టీ. పాత నోట్స్ కొత్తదాంట్లోకి వెళ్తాయి, కార్డు తీసి అటు గుచ్చితే ఫోటోలూ వెళ్తాయి, పాత పెన్ను కొత్తదాని మీద కూడా రాస్తుంది కాబట్టి కారులో అదనంగా ఉంటుంది. పాత ట్యాబ్‌ని ల్యాబ్‌లో మైక్రోస్కోపు పక్కన రిపోర్టులు చూడ్డానికి పెడతాను. రాత్రీపగలూ చార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, అందుకని సాయంత్రం ప్లగ్ తీసేయమని ల్యాబ్ అబ్బాయికి ఇప్పటి నుంచే చెప్తున్నాను.