డింగ్‌బోచే దాకా మాత్రమే తోడొచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్

ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ బ్యాగ్ విషయంలో వాళ్ళు చేసిన మేలుకి.

బెంగళూరు మారతహళ్ళిలో మా ఆఫీసులో సగం మందికి పాలసీలు చేసే అనంతపురం ఆయన దగ్గరే తీసుకున్నాను. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి వెళ్తున్నామని చెప్పి, "అన్నా, ట్రెక్కింగ్ వస్తుందా ఇందులో?" అని రెండుసార్లు అడిగా. "అడ్వెంచర్ కవర్ కలిపేశా కదా సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. నాకూ మా బావమరిదికీ దానికోసం తలా 900 అదనంగా కట్టా.

బయల్దేరే ముందు రాత్రి బ్యాగులు సర్దుతూ పాలసీ పీడీఎఫ్ తెరిస్తే, 33వ పేజీలో చీమల బారు లాంటి అక్షరాల్లో ఉంది: ట్రెక్కింగ్ 4,500 మీటర్ల ఎత్తు వరకే. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు! అంటే 4,410లో ఉన్న డింగ్‌బోచే దాకా పాలసీ మనతో నడుస్తుంది, ఆ పైన లోబుచే, గోరక్‌షెప్ మన తలరాత. పొద్దున ఫోన్ చేస్తే "అంత పైకని మీరు చెప్పలేదు కదా సార్" అన్నాడు. బేస్ క్యాంప్ మెజెస్టిక్ బస్టాండ్ పక్కన ఉందనుకున్నాడేమో.

అనుకున్నంతా అయింది. లోబుచేలో, 4,940 మీటర్ల దగ్గర, రాత్రంతా బావమరిదికి తలనొప్పి, వాంతులు. తెల్లారగానే గైడ్ మమ్మల్ని ఫెరిచేకి దించేశాడు, అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్‌లో ఆక్సిజన్ పెట్టాక సాయంత్రానికి వాడే టీ అడిగాడు. హెలికాప్టర్ దాకా పోలేదు, అదే పదివేలు. హెలికాప్టర్ పిలవాలంటే ముందే కంపెనీ అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకోవాలి. అవసరం లేనివాళ్ళనీ హెలికాప్టరెక్కించి ఇన్సూరెన్స్ నుంచి బిల్లులు గుంజిన బాగోతం 2018లో నేపాల్లో బయటపడిందిలెండి, అడగడంలో తప్పు లేదు.

ఫెరిచే 4,500 కంటే కిందే కాబట్టి క్లినిక్ బిల్లు వస్తుందనుకున్నా. "లక్షణాలు లోబుచేలో మొదలయ్యాయి" అని డాక్టర్ రాసిన ఒక్క లైను పట్టుకుని క్లెయిమ్ తిరగ్గొట్టారు. డాక్టర్ ఉన్నదే రాశారు, ఆయన్ని ఏమంటాం.

బ్యాగ్ సంగతికొస్తే, అది ఖాట్మండుకి ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. థమెల్‌లో కొన్న జాకెట్, సాక్సుల బిల్లులు పంపితే 9 రోజుల్లో డబ్బు పడింది, మారు మాట లేదు.

మీరు కొనేటప్పుడు "ట్రెక్కింగ్ వస్తుందా" అనకండి, "ఎన్ని మీటర్ల దాకా" అని మెయిల్‌లో అడిగి జవాబు రాతలో తీసుకోండి. నేను కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టా. నెలలో తేల్చకపోతే జేపీ నగర్ జీవన్ సౌధలో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుంది, ఫీజు లేదు, లాయర్‌తో పని లేదు.

బావమరిది అప్పుడే వచ్చే ఏడాది అన్నపూర్ణ బేస్ క్యాంప్ అంటున్నాడు. అది 4,130 మీటర్లేనట, ఇదే పాలసీ సరిపోతుందట!