ఓట్స్‌కి తుప్పు తెగులు: ఒక్క గట్టి జన్యువా, రకాల మిశ్రమమా, నెమ్మదిగా తుప్పు పట్టే వంగడమా?

అమెరికా మిడ్‌వెస్ట్‌లో, కెనడా ప్రెయిరీల్లో ఓట్స్ బ్రీడర్ల (కొత్త వంగడాలు తయారుచేసేవాళ్ల) ప్రధాన తలనొప్పి క్రౌన్ రస్ట్ అనే తుప్పు తెగులు. ఆకుల మీద నారింజ రంగు పొక్కులు లేస్తాయి. ఆకు దెబ్బతింటే గింజ నిండదు, దిగుబడి పడిపోతుంది.

ఒక్క బలమైన జన్యువుని ఎక్కించడం అన్నిటికన్నా సులువు. మొలక దశలోనే తెగులు సోకించి, తట్టుకున్న మొక్కల్ని ఏరుకోవచ్చు. ఇక శ్రమంతా దిగుబడి మీదే పెట్టొచ్చు. కానీ విక్టోరియా కథ చూడండి. ఉరుగ్వే నుంచి వచ్చిన ఆ ఓట్స్‌లోని పీసీ-2 జన్యువుతో తయారైన వంగడాలు 1940ల్లో మిడ్‌వెస్ట్ అంతా పరుచుకున్నాయి. తుప్పు ఆగింది. 1946 నాటికి విక్టోరియా బ్లైట్ అనే కొత్త తెగులు వచ్చిపడింది, అదీ సరిగ్గా ఆ వంగడాల మీదే! తుప్పుని ఆపే గుణాన్నీ, బ్లైట్‌కి లొంగే గుణాన్నీ విడదీయడం ఎవరివల్లా కాలేదు. బదులుగా తెచ్చిన, బాండ్ అనే మరో ఓట్స్ రకపు జన్యువుల్ని తుప్పు శిలీంద్రమే కొన్నేళ్లలో దాటేసింది. హైదరాబాద్‌లో సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు నిరోధం ఎక్కించినప్పుడు ఒకటి కాక మూడు జన్యువులు పెట్టింది ఈ భయంతోనే.

రెండోది మిశ్రమం. ఒకే పోలికలో ఉండి, వేర్వేరు నిరోధక జన్యువులున్న లైన్లను (గుణాలు స్థిరపడ్డ విత్తన వంశాలను) కలిపి విత్తనంగా ఇవ్వడం. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రే, బ్రౌనింగ్ అనే శాస్త్రవేత్తలు 1960ల చివర్లో ఇలాంటివి విడుదల చేశారు. తెగులు వరకు బాగానే పనిచేశాయి. చిక్కు దిగుబడి దగ్గరే: ఒక్కో లైన్‌నీ మళ్లీ మళ్లీ బ్యాక్‌క్రాస్ చేసి (మూల వంగడంతోనే తిరిగి సంకరం చేసి) సిద్ధం చేసేలోగా మూల వంగడం పాతబడిపోతుంది.

నా ఓటు మూడోదానికి. ఇందులో ఆకుకి తుప్పు పడుతుంది గానీ నెమ్మదిగా, ఆలస్యంగా. మిన్నెసోటా లైన్ ఎంఎన్841801 దశాబ్దాలుగా ఇలాగే నిలబడింది. ఎంపిక మాత్రం కష్టం. చిన్న చిన్న జన్యువులు చాలా కలిసి పనిచేస్తాయి కాబట్టి పెరిగిన మొక్కల్ని పొలంలోనే చూసి మార్కులెయ్యాలి. తెగులు తీవ్రంగా ఉన్న ఏడాది ఇదొక్కటీ చాలదు, పైన రెండు మూడు గట్టి జన్యువులూ ఉండాలి. పొలం పక్కన బక్‌థార్న్ పొదలుంటే మరీ ప్రమాదం: శిలీంద్రం లైంగికంగా కలిసి తనలోనే కొత్త రకాల్ని పుట్టించుకునేది వాటి మీదే.