40 అడుగుల మోటర్‌హోమా, ట్యాగ్ యాక్సిల్ ఉన్న 45 అడుగులదా: ఏది మేలు?

మేం ట్యాగ్ యాక్సిల్ ఉన్న బండి తీసుకున్నామని తెలిసిన దగ్గర్నుంచి డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు దాదాపు అందరూ అడుగుతున్నది ఒకటే. "అన్నా, వెనక ఆ రెండు టైర్ల కోసం అంత ఎక్కువ పెట్టడం అవసరమా? 40 అడుగులది సరిపోదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. లోపల ఇల్లులా అమర్చిన బండి మోటర్‌హోమ్, అందులో బస్సంత పెద్దది క్లాస్ ఏ, డీజిల్ ఇంజిన్ వెనక ఉండేది డీజిల్ పుషర్. ఇంతే, ఇక నేరుగా విషయంలోకి వెళ్తాను.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి మల్టీ యాక్సిల్ వోల్వో ఎక్కినవాళ్లంతా ట్యాగ్ మీద ప్రయాణం చేసినవాళ్లే. ఇంజిన్ తిప్పేది డ్రైవ్ యాక్సిల్‌ని, దానికి అటు రెండు ఇటు రెండు, నాలుగు టైర్లు. దాని వెనకే అటొకటి ఇటొకటి టైర్లతో ఉండేది ట్యాగ్. అది బండిని నడపదు, బరువు మోస్తుంది, బ్రేకు వేస్తుంది. 40 అడుగుల వరకు పుషర్లు ఎక్కువగా ట్యాగ్ లేకుండా వస్తాయి, 43 నుంచి 45 అడుగుల వాటికి దాదాపు తప్పనిసరిగా ఉంటుంది.

నా లెక్కలో ఈ ప్రశ్నని తేల్చేది వెనక యాక్సిల్ మీద పడే బరువు, మిగతావన్నీ దాని తర్వాతే. పుషర్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, రేడియేటర్ మొత్తం వెనకే ఉంటాయి. వాటి పైన పడకగది, కింగ్ బెడ్డు, బట్టల అల్మరా, బాత్రూమ్, చాలా బళ్లలో వాషరూ డ్రయ్యరూ కూడా అక్కడే. ఇక మనవాళ్ల సామాను సంగతి చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు వాళ్లని తిప్పడానికే కదా చాలామంది ఈ బండి కొంటోంది. వాళ్ల సూట్‌కేసులు, 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు, వెట్ గ్రైండరు, కుక్కర్లు, పచ్చళ్ల జాడీలు అన్నీ ఎక్కుతాయి. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, అంటే 100 గ్యాలన్ల ట్యాంకు నింపితే 830 పౌండ్లు. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత ఎక్కించొచ్చో రాసి ఉంటుంది కానీ, అది మొత్తం బండికి చెప్పే అంకె. ఆ బరువులో ఎంత వెనక పడుతుందో ఆ స్టిక్కర్ చెప్పదు.

మా మిత్రుడి 40 అడుగుల బండికి కాటా వేయించినప్పుడు నేనూ పక్కనే ఉన్నా. వెనక యాక్సిల్ రేటింగ్, అంటే అది మోయగల గరిష్ఠ బరువు, 22,000 పౌండ్లు, చీటీలో వచ్చింది 21,600. అప్పటికి నీళ్ల ట్యాంకు సగమే నిండి ఉంది, పిల్లల సైకిళ్లు ఇంకా తగిలించలేదు. మొత్తం బండి రేటింగ్ చూస్తే ఇంకా బోలెడు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, ముందు యాక్సిల్ మీద కూడా చోటుంది, కానీ వెనక మాత్రం అయిపోయింది. దీన్ని సర్దడానికి సామాను ముందు అరల్లోకి మార్చడం తప్ప దారి లేదు. ఇంజిన్నీ పడకనీ ముందుకి జరపలేం కదా. ట్యాగ్ ఉన్న బండిలో అదే చోట ఇంకో 10,000 పౌండ్ల దాకా మోసే యాక్సిల్ ఉంటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే, మేం ట్యాగ్ వైపు మొగ్గింది కూడా దీనివల్లే.

అలాగని ట్యాగ్ ఉంటే చాలు, ఎంతైనా ఎక్కించొచ్చు అనుకోవద్దు. పొడుగు పెరిగితే గోడలు, స్లయిడ్లు (ఆపాక బయటికి జరిపే గది భాగాలు), టైల్స్, పెద్ద ఇంజిన్, అన్నీ బరువే, ఆ యాక్సిలూ దాని టైర్లూ కూడా బరువే. కొన్ని 45 అడుగుల బళ్లలో స్టిక్కర్ మీద మిగిలేది 40 అడుగుల దానికంటే తక్కువ కూడా ఉంటుంది. కాబట్టి రెండు బళ్ల స్టిక్కర్లూ ఫోటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. కొన్న తర్వాత ట్రక్ స్టాప్‌లో కాటా వేయించండి, పెద్ద ఖర్చేం కాదు. ట్యాగ్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మామూలుగా ఎక్కిస్తే డ్రైవ్, ట్యాగ్ రెండూ ఒకే కాటా పలక మీద పడి రెండిటి బరువూ కలిపి వస్తుంది. రెండు పలకల మధ్య గీత ఆ రెండు యాక్సిళ్ల మధ్యకి వచ్చేలా ఆపితే దేని బరువు దానికి తెలుస్తుంది. ఒక్కో చక్రం బరువు విడిగా కావాలంటే టెక్సాస్‌లోనే లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే మోటర్‌హోమ్ యజమానుల క్లబ్ వాళ్లు తూచి పెడతారు.

ఇప్పుడు అందరూ భయపడే మలుపుల సంగతి. ట్యాగ్ ఉంటే బండి డ్రైవ్ యాక్సిల్ దగ్గర కాకుండా రెండు యాక్సిళ్ల మధ్య ఎక్కడో ఆనుకుని తిరుగుతుంది, అందుకే మలుపు కాస్త పెద్దదవుతుంది. కానీ ఈ ఛాసిస్‌లలో ముందు చక్రాలు 55 డిగ్రీల దాకా తిరుగుతాయి కాబట్టి ఊహించుకున్నంత కష్టం ఉండదు. అసలు బాధ టైర్లకి. ఎండకి కాగిన తారు మీద, డీజిల్ పోయించుకుని పూర్తిగా స్టీరింగ్ కోసి బయటికి వస్తున్నప్పుడు ఒక్కసారి కిందకి దిగి ట్యాగ్ టైరు చూడండి. ట్రెడ్ (టైరు మీద గీతలున్న భాగం) నేలని పట్టుకుని ఉంటుంది, పక్క గోడ మడతపడినట్టు ఒక వైపుకి ఒరుగుతుంది, వెనక నల్లటి చార పడుతుంది. తిరగాల్సిన టైరు పక్కకి ఈడ్చుకుపోతోందన్నమాట. దీనికోసమే డ్యాష్‌బోర్డు మీద ట్యాగ్ గాలి వదిలే స్విచ్ ఉంటుంది. ఇరుకు మలుపుకి ముందు, క్యాంప్‌సైట్‌లోకి వెనక్కి పెట్టేముందు అది నొక్కితే ట్యాగ్ ఎయిర్‌బ్యాగుల్లో (స్ప్రింగుల బదులు బరువు మోసే గాలి సంచుల్లో) గాలి పోయి బరువు డ్రైవ్ మీదకి వస్తుంది, టైరు తేలిగ్గా జారుతుంది. తడి గడ్డి మీద చక్రం తిరిగిపోతుంటే కూడా ఇదే స్విచ్ బయట పడేస్తుంది.

ఈ స్విచ్‌ని జాగ్రత్తగా వాడాలని ఎందుకంటానో ఒక లెక్కతో చూపిస్తా. ముందు యాక్సిల్‌కి డ్రైవ్‌కి మధ్య 26 అడుగులు, డ్రైవ్‌కి ట్యాగ్‌కి మధ్య 4 అడుగులు, ట్యాగ్ మోస్తున్నది 10,000 పౌండ్లు అనుకుందాం. ట్యాగ్ పూర్తిగా బరువు వదిలేస్తే డ్రైవ్ మీద పెరిగేది 10,000 కాదు, దాదాపు 11,540. ఆ పైన 1,540 ముందు యాక్సిల్ నుంచి వస్తుంది, ఎందుకంటే ట్యాగ్ ఆసరా పోగానే వెనక భాగం కిందకి వంగి ముక్కు తేలుతుంది. అంటే ఒక్క క్షణంలో డ్రైవ్ యాక్సిల్ రేటింగ్ దాటిపోయింది, స్టీరింగ్ చక్రాల మీద బరువు తగ్గిపోయింది. చాలా బళ్లలో గాలి తీసినా ట్యాగ్ మీద కొంత బరువు మిగులుతుంది కాబట్టి ఇంత రాకపోవచ్చు, కానీ జరిగేది ఇదే. నడక వేగంలో, పదుల అడుగుల దూరానికి పర్వాలేదు. ఆ స్విచ్ వేసి రోడ్డెక్కడం మాత్రం ఎప్పుడూ వద్దు. కొన్ని బళ్లు వేగం అందుకోగానే వాటంతట అవే గాలి నింపుకుంటాయి, మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి. ట్యాగ్ చక్రాలు కూడా మలుపుతో పాటు తిరిగే రకం కొన్ని ఖరీదైన ఛాసిస్‌లలో వస్తోంది, దొరికితే వదలొద్దు.

రోడ్డు మీద తేడా నాకు బాగా తెలిసేది పశ్చిమ టెక్సాస్ గాలిలో. ఐ-20 హైవే మీద 18 చక్రాల లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ట్యాగ్ లేని బండి తోక ఊగుతుంది, దాన్ని స్టీరింగ్‌తో సర్దుతూనే ఉండాలి. ట్యాగ్ ఉన్నదాన్ని నడుపుతుంటే భుజాలు పట్టేయవు. బ్రేకులు కూడా ఇంకో యాక్సిల్‌కి ఉంటాయి. పైగా ట్యాగ్ ఉన్నవాటిలో పెద్ద ఇంజిన్లు వస్తుంటాయి, కమిన్స్ ఎక్స్15 లాంటి వాటికి కంప్రెషన్ బ్రేకు (ఇంజినే బండి వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు) ఉంటుంది కాబట్టి కొలరాడో కొండలు దిగేటప్పుడు టెన్షన్ బాగా తగ్గుతుంది. 40 అడుగుల వాటిలో మామూలుగా వచ్చే కమిన్స్ ఎల్9 ఇంజిన్ కూడా కొండ దిగేటప్పుడు పట్టుకుంటుంది, కానీ అంత గట్టిగా కాదు.

ఖర్చు ట్యాగ్‌కి ఎక్కువే, దాచేదేం లేదు. ఆరు టైర్ల బదులు ఎనిమిది. ట్రెడ్ ఎంత బాగున్నా ఆరేడేళ్లకి మార్చాల్సిందే కదా. హబ్బులు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఒక జత ఎక్కువ. టోల్ కూడా యాక్సిళ్ల లెక్కే. మన డాలస్ ఎన్‌టీటీఏ (ఉత్తర టెక్సాస్ టోల్ సంస్థ) రోడ్ల మీద యాక్సిళ్లలోంచి ఒకటి తీసేసి దాన్ని కారు టోల్‌తో గుణిస్తారు. వెనక కారు లాక్కెళ్తుంటే, దాని రెండు యాక్సిళ్లూ కలుపుకుని, ట్యాగ్ లేని బండికి మూడు రెట్లు, ఉన్నదానికి నాలుగు రెట్లు. లైసెన్సులో తేడా లేదు, 26,000 పౌండ్లు రెండూ దాటతాయి కాబట్టి టెక్సాస్‌లో రెండిటికీ నాన్-కమర్షియల్ క్లాస్ బి కావాలి. కాలిఫోర్నియాలో మాత్రం 40 అడుగులు దాటినవాటిని కొన్ని రోడ్ల మీదకి రానివ్వరు.

40 అడుగుల దానికి నిజంగా గెలుపున్నది నేషనల్ పార్కుల్లో. యోసెమిటీ లోయలో లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్లు 40 అడుగుల దాకా ఒప్పుకుంటాయి, అప్పర్ పైన్స్ అయితే 35 అడుగులే. గ్రాండ్ కాన్యన్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్ 30 అడుగులు దాటితే ఎవర్నీ రానివ్వదు, పక్కనే ట్రైలర్ విలేజ్‌లో 50 అడుగులకి కూడా చోటుంది. మీ ప్రయాణాలు ఎక్కువగా పార్కుల లోపల ఉండేవైతే, భార్యాభర్తలిద్దరే అయితే, 40 ఎందుకు, 37 తీసుకోండి, హాయిగా ఉంటుంది.

పెట్రోల్ క్లాస్ ఏ, ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కుకి తగిలించి లాక్కెళ్లే ట్రైలర్) గురించి కూడా అడుగుతున్నారు. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ మీద వచ్చే పెట్రోల్ బండి ఏడాదికి రెండు మూడు వారాలు తిరిగేవాళ్లకి చాలు. ఫిఫ్త్ వీల్ చవక, కానీ నడుస్తుండగా పెద్దవాళ్లు లేచి బాత్రూమ్‌కి వెళ్లే వీలుండదు.

నలుగురైదుగురు ఉండి, పెద్దవాళ్లతో కలిసి నెలల తరబడి తిరిగే కుటుంబానికైతే నేను ట్యాగ్ ఉన్నదే తీసుకోమంటా. కొత్తది కాకుండా వాడింది చూస్తుంటే ట్యాగ్ దగ్గర ఎక్కువసేపు గడపండి. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవండి, మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. డ్రైవ్ టైర్లు కొత్తవి వేసి ట్యాగ్‌వి పాతవే ఉంచే అమ్మకందార్లు ఉన్నారు. అరచేత్తో ట్రెడ్‌ని అటూ ఇటూ రాయండి, ఒక వైపు నున్నగా, ఇంకో వైపు అంచులు గీసుకుంటే ఆ టైరు పక్కకి ఈడ్చుకుపోయి అరిగిందని అర్థం, అలైన్‌మెంట్ చూపించమని అడగండి. ఆ తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్విచ్ నొక్కించి, గాలి పోవడమూ మళ్లీ నిండడమూ రెండూ మీ కళ్లతో చూసి, కాటా చీటీ చేతిలో పడ్డాకే బేరం మొదలుపెట్టండి.